జ్వరంలో మా అన్న మొక్కని మొక్కు

ఆ రోజుల్లో తిరుపతి వీధుల్లో కనిపించే తలల్లో సగం గుండ్లే. అవన్నీ పై ఊళ్ల వాళ్లవి. కొండ దిగివచ్చి, గంధం పూసుకుని, బొరుగులు మూటగట్టుకుని, రైలెక్కి వెళ్లిపోయేవి. ఊళ్లో వాళ్లం మాత్రం శుభ్రంగా జుట్టు పెంచుకుని తిరిగేవాళ్లం. దేవుడు ఎక్కడికీ పోడు, మనమూ ఎక్కడికీ పోము, ఎప్పుడిస్తేనేం అన్న ధీమా మాది. కాబట్టి యుద్ధం ముగిసిన ఆ కొత్తల్లో మా ఊరి కుర్రవాడికి జుట్టుంటే వాడు ఊరివాడని గుర్తు. క్రాపు ఉంటే వాడికి ఏదో ఉద్యోగం ఉందని గుర్తు. క్రాపు నుదుటి మీద అలలాగా లేచి ఉంటే, ఆ ఇంటి ముందు పెళ్లిళ్ల పేరయ్య చెప్పులు కనిపించేవి. ఇప్పటి పిల్లలకు ఇది నవ్వులాటగా ఉంటుంది. వాళ్లు ఆ పనే ప్యాంట్లతో చేస్తున్నారు కాబట్టి నేనేమీ అనుకోను.

ఇన్నేళ్ల తర్వాత ఈ సంగతి ఎత్తడానికి కారణం మా అన్న కొడుకు జుట్టు. మా వంశంలో మగపిల్లవాడు పెళ్లిచూపులకు వెళ్లేముందు కొండకు వెళ్లి గుండు కొట్టించుకోవాలని ఒక ఆచారం ఉంది. ఇది తాతల నాటిదని మా పిల్లలు అనుకుంటారు. కాదు. నా నాటిది. దాన్ని పుట్టించింది నేను. నా మాట మీద తలలిచ్చిన బంధువులు పాకాలలో, పుత్తూరులో, చిత్తూరులో ఉన్నారు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి చెప్పే ఓపిక నాకు లేదు, విన్న తర్వాత వాళ్లేం చేస్తారోనన్న భయమూ కొంచెం ఉంది. అందుకని రాస్తున్నాను.

అన్న అంటే మా పెద్దమ్మ కొడుకు. నాకంటే రెండేళ్లు పెద్ద. అందరూ డ్రైవరన్న అనేవాళ్లు. కొండకు ఘాట్ రోడ్డు పడి, బస్సులు ఎక్కడం మొదలైన కాలం అది. ఇప్పుడు విమానం నడిపేవాణ్ణి కూడా జనం అంత భక్తిగా చూడరు. ప్రతి మలుపులోనూ బస్సులో ఉన్నవాళ్లంతా కళ్లు మూసుకుని గోవిందా అని కేకపెట్టేవారు. ఆ గోవింద దేవుడికే అయినా, అందులో కొంత భాగం స్టీరింగు దగ్గరే ఆగిపోయేదని నా అనుమానం. పైగా మా అన్నకు అందరికంటే పెద్ద క్రాపు. నల్లగా, ఒత్తుగా, నుదుటి మీద నుంచి లేచి వెనక్కు పడేది. కొండగాలికి అది కదులుతూ ఉంటే, కింద స్టాండులో నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు బిందె నిండిన సంగతి మరిచిపోయేవాళ్లు. (నేను స్వయంగా చూశాను. చూడటానికే వెళ్లేవాణ్ణి.)

నాకు అటువంటి ఈకలేవీ లేవు. ఎస్సెల్సీ పాసై, కంట్రోలు గుడ్డల అంగట్లో గుమాస్తాగా చేరాను. గజం బద్దతో కొలవడం, చింపడం నా పని. నా జుట్టు మొదటినుంచీ పలుచన. అందుకని కళ్లజోడు పెట్టాను. నా చూపులో ఏ దోషమూ లేదు. మద్రాసు నుంచి వచ్చిన ఒకాయన దగ్గర సాదా అద్దాలు వేయించుకున్నాను. వాటిమీద దుమ్ము పడితే తప్ప పెట్టుకున్నట్టు నాకే తెలిసేది కాదు. చదువుకున్నవాడు అనిపించుకోవాలని నా ఉద్దేశం. ఊళ్లో అద్దాలోడు అన్నారు. ఆ రెండింటికీ మధ్య దూరం నాకు అప్పుడు తెలియలేదు.

ఈ క్రాపూ కళ్లజోడూ ఎవరి కోసమంటే, చంద్రగిరిలో ఉన్న మా మేనమామ కూతురి కోసం. ఇంట్లో అందరూ అమ్మణ్ణి అనేవారు. మా ఇద్దరికీ మరదలే. అన్నను పెద్దబావా అనేది, నన్ను చిన్నబావా అనేది. మామకు చెరుకు తోట, బెల్లం గానుగ ఉండేవి. ఆదివారం వస్తే మేమిద్దరం చంద్రగిరి వెళ్లేవాళ్లం. అన్న పెరట్లో నిలబడి ఇంజను కథలు చెప్పేవాడు. నేను అరుగు మీద కూర్చుని, పాత పేపరు తిరగేస్తూ, అద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకునేవాణ్ణి. అమ్మణ్ణి చెరుకు పిప్పి ఎండబోస్తూ ఎటూ చూసేది కాదు.

మా ఇద్దరి తల్లులూ తమ తమ్ముడి కూతురు తమ ఇంటికే రావాలని పట్టుబట్టారు. చివరికి సంగతి మా అవ్వ దగ్గరికి వెళ్లింది. అవ్వ అంటే అమ్మ తల్లి, ఆ ఇంటికి హైకోర్టు.

"ఇద్దురూ నా కూతుర్ల బిడ్డలే," అంది అవ్వ, వక్క నములుతూ. "పెద్దోనికిస్తే చిన్నది మూతి ముడుస్తాది. చిన్నోనికిస్తే పెద్దది నా గడప తొక్కదు. ఈ పీకులాట నాకొద్దబ్బా. పిల్లనే అడిగేద్దాం."

"పిల్లనడిగేదేంది అత్తా?" అంది మా అత్త వంటింట్లోంచి. "ఈ ఇంటికి ఇచ్చేటప్పుడు నన్నెవురన్నా అడిగినారా?"

"నిన్నడిగింటే నువ్వొచ్చుండవు. అందుకే అడగల్యా," అంది అవ్వ. "గానుగ ఆట అయిపోయే రోజు ఇద్దురూ రండిరా. ఆకరు పెనం బెల్లం దిగినాక ఆకులేసి కూసోబెడతా. అది ఎవురి ఆకులో ముందు పెడితే వాడికే. రెండోవాడు గలాటా చేయకుండా తినేసి లేచిపోవాల."

మామ సరేనన్నాడు. మేమూ సరేనన్నాం. అమ్మణ్ణిని మాత్రం ఎవరూ సరేనా అని అడగలేదు. అడగబోయేది ఆమెనే కదా అని ఊరుకున్నారు.

ఇక్కడ మా నెమలయ్యవారి గురించి చెప్పాలి. హైస్కూల్లో మాకు ప్రకృతిశాస్త్రం చెప్పిన పంతులుగారు. కప్పతో మొదలుపెట్టినా, గబ్బిలంతో మొదలుపెట్టినా పాఠాన్ని నెమలి దగ్గరే ముగించేవారు, అందుకని ఆ పేరు. ఒకనాడు పంచెల గుడ్డ కోసం మా అంగడికి వచ్చారు. నేను కొలుస్తూ, ఊరికే అడిగినట్టు అడిగాను.

"మగనెమలికి అంత తోక ఎందుకని చెప్పారు సార్?"

"దానివల్ల ఏ ఉపయోగమూ లేదు గనక," అన్నారు. వెంటనే పాఠంలో పడ్డారు. "ఆ తోకతో దూరం ఎగరలేదు. పొదలో దాక్కోలేదు. నక్కకు సులువుగా దొరుకుతుంది. అంత బరువు మోస్తూ కూడా బతికుందంటే దానిలో సత్తా ఉన్నట్టే కదా! ఆడనెమలికి కావలసింది అదే. గింజలు ఏరుకుంటున్నట్టు ఉంటుంది గానీ అంతా గమనిస్తూనే ఉంటుంది. ఎంచుకునేది అది. మగవాటికి మిగిలింది ఆడటమే. ఎన్ని వేల తరాలుగా ఆడనెమళ్లు ఎంచుకుంటూ వస్తే ఆ తోక అంత పొడుగైందో ఆలోచించు."

"తోక లేకపోతే?"

"వానలు వెనకబట్టాక ఎటూ రాలిపోతుంది. అప్పుడు చూడాలి దాన్ని. ఏమీ తెలియనట్టు పొదల్లో తిరుగుతుంటుంది. ఆడవి దానివైపు చూడనైనా చూడవు. ఏమయ్యా, నేను అడిగింది నాలుగు గజాలు. నువ్వు ఎంత చింపుతున్నావు?"

నేను ఐదు చింపాను. యజమాని ఆ గజాన్ని నా జీతంలో పట్టుకున్నాడు. అయినా నాకు బాధ కలగలేదు. నాకు కొత్త తోక మొలిచే దారి లేదు. ఉన్న తోక రాలే దారి ఏదైనా ఉందేమో చూడాలి అనుకున్నాను. ఇంత చదువు చదివి శాస్త్రాన్ని జీవితంలో వాడుకున్నది ఆ ఒక్కసారే.

ఆ చలికాలం అన్నకు కొండజ్వరం తగిలింది. మేమిద్దరం తిరుపతిలో ఒకే గదిలో ఉండేవాళ్లం. ఆ జ్వరంలో వాడికి సేవ చేసింది నేనే, అందులో అబద్ధమేమీ లేదు. గంజి కాచాను, తడిగుడ్డ వేశాను, డాక్టరు ఇచ్చిన చేదు మాత్రలు నోరు తెరిచి వేశాను. వాడు పోతాడేమోనని ఒక సాయంత్రం తలుపు వెనక నిలబడి ఏడ్చాను కూడా. ఒళ్లు కాలిపోతుంటే అన్న ఏవేవో మాట్లాడేవాడు. చాలా వరకు బస్సు సంగతులే. "రాయి పెట్రా... సక్రానికి రాయి పెట్రా... జారతాంది," అని క్లీనరును కేకలేసేవాడు. మధ్యలో ఒక మాట మాత్రం నాకు అర్థం కాలేదు. "నేనే పడినా మామా. ఎవురూ ఏమీ సేయల్యా. సింతసెట్టు మీంచి నేనే పడినా," అని బతిమాలుతున్నట్టు అనేవాడు. బస్సు నడిపేవాడికి చింతచెట్టుతో పనేమిటి? జ్వరం అనుకుని ఊరుకున్నాను. ఏడుకొండలవాడి పేరు మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. రోజూ పోయేది అక్కడికే కదా, జ్వరంలో కూడా అదే దారేనా అనిపించిందేమో.

జ్వరం దిగింది. అవ్వ మిరియాల చారు చెంబుతో చంద్రగిరి నుంచి వచ్చింది. అన్న గోడకు ఆనుకుని కూర్చుని, చేతుల్లో బలం లేకపోయినా, ముందుగా దువ్వెన అడిగాడు. మంచంలో అన్నాళ్లు పడి ఉన్నా ఆ జుట్టు, రెండుసార్లు దువ్వగానే, అలలాగా లేచి నిలబడింది. నేను గంజి గిన్నె పట్టుకుని దాన్ని చూస్తున్నాను. సరిగ్గా అప్పుడు అవ్వ అడిగింది.

"జొరంలో ఏమన్నా అన్యాడారా? జొరంలో వచ్చే మాట ఉత్తమాట కాదు."

"అన్నాడవ్వా," అన్నాను. అంతవరకూ ఏం చెప్పబోతున్నానో నాకూ తెలియదు. "సామీ, నేను లేసి తిరిగితే తలనీలాలిస్తా అన్నాడు."

అన్న దువ్వెన ఆపాడు. "నేనా?"

"నువ్వే."

"నాకు గ్యాపకం ల్యాదే!"

"జొరంలో ఉన్నోనికి గ్యాపకం యాడుంటాదిరా?" అంది అవ్వ. "దేవునికుంటాది. ఎప్పుడిస్తానన్యాడు?"

"లేయంగానే అన్నాడు," అన్నాను. గానుగ ఆట అయిపోవడానికి ఇంకా కొన్నాళ్లే ఉంది మరి.

అన్న కాసేపు నావైపు చూశాడు. అనుమానంతో కాదు. తన మాట తనకే తెలియకుండా పోయిందే అన్న ఆశ్చర్యంతో. తర్వాత దువ్వెన దిండు కింద పెట్టేశాడు. "అయితే పోదాం పా, అబ్బోడా. నువ్వూ రా జతకి," అన్నాడు. వాదిస్తాడని, వాయిదా వేస్తాడని నేను రకరకాల సమాధానాలు సిద్ధం చేసుకుని ఉన్నాను. అవన్నీ వృథా అయ్యాయి.

కల్యాణకట్టలో మంగలి అన్న జుట్టు చూసి కత్తి పదును పెట్టడం ఆపేశాడు. "ఇట్టాంటి జుట్టు ఊరోళ్ల తల మీద సూసి శానా దినాలాయె సామీ. నిజ్జంగా తీసేయమంటావా?" అన్నాడు. తీసేయమన్నాడు అన్న. నేను పక్కన నిలబడ్డాను. తడిసిన జుట్టు పాయలుపాయలుగా రాతి మీద పడుతుంటే నా మొహంలో విచారం కనబడేట్టు జాగ్రత్త పడ్డాను. అంతా అయ్యాక చూస్తే, ఆ తల నేను ఊహించినంత బాగానే, అంటే బాగాలేకుండానే ఉంది. చెవులు అంతకుముందు లేనట్టుగా బయటికి వచ్చాయి. వెనకవైపు, ఎడమ చెవి పైన, నెలవంక ఆకారంలో ఒక పాత గాటు కూడా బయటపడింది. లోటు మీద లోటు అనుకుని సంతోషించాను. అద్దాల వెనక రెండు కళ్లూ పెట్టుకుని నేను సరిగ్గా చూడకుండా వదిలేసింది ఆ ఒక్కదాన్నే.

"ఎట్టుండానో సూసుకోవాల. నీ అద్దాలిట్టియ్యిరా," అన్నాడు అన్న. కళ్లజోడు తీసిచ్చాను. నా నల్లటి కోటు మీద ఆనించి, అద్దంలో తన నీడ చూసుకోబోయి, ముందుగా అందులోంచి కొండ వైపు చూశాడు. తీసి చూశాడు. మళ్లీ పెట్టి చూశాడు.

"ఏందిరా ఇది, ఉత్త అద్దమేనా?"

అన్న నవ్వలేదు. అద్దాలు తన పంచె కొంగుతో తుడిచి, నా ముక్కు మీద తనే పెట్టాడు. "ఎవురికీ సెప్పన్లే," అన్నాడు. చెప్పలేదు. ఈ రోజు వరకు ఎవరికీ చెప్పలేదు. దిగి వచ్చేటప్పుడు బస్సులో ఇంకో మాట కూడా అన్నాడు. "నువ్వు ఇన్యావు కాబట్టి సరిపాయె. ల్యాకుంటే దేవునికి మాటిచ్చి తప్పినోన్నయిపోయుందును గదరా." నేను కిటికీలోంచి లోయ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు ఆ లోయ కొంచెం లోతుగా అనిపించింది. (మర్నాడు అన్న మళ్లీ బస్సెక్కాడు. దిగుడు ప్రయాణంలో బస్సంతా గుండ్లే కాబట్టి, ఒక పెద్దాయన స్టీరింగు ముందు కూర్చున్న అన్నను భుజం తట్టి, లే నాయనా, డ్రైవరు వస్తాడు అన్నాడట.)

గానుగ ఆట అయిపోయిన రోజు రానే వచ్చింది. చంద్రగిరిలో మామ పెరడంతా పొగ, తీపి వాసన. ఆఖరు పెనం దించి, బెల్లం పాకం అచ్చుల్లో పోస్తున్నారు. మా ఇద్దరికీ పక్కపక్కన ఆకులు వేశారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, అద్దాలు మెరిసేట్టు తుడుచుకుని కూర్చున్నాను. పక్కన మా అన్న గుండుతో. రెండు కుటుంబాల ఆడవాళ్లూ స్తంభాల దగ్గర చేరారు. అత్త అన్నను చూసి, "అయ్యో నాయనా, బంగారట్టాంటి జుట్టు!" అని నోరు నొక్కుకుంది. ఆ మాట నా చెవులకు ఎంత హాయిగా ఉందో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అమ్మణ్ణి వేడి బెల్లం పళ్లెంతో వచ్చింది. మా వెనకనుంచి చుట్టి ముందుకు రావాలి. వెనక్కు వచ్చిన మనిషి ముందుకు రాలేదు.

"పెద్దబావ తల ఎనక ఏందవ్వా ఆ మచ్చ?" అని వినిపించింది.

"సిన్నప్పుడు ఈడనే సింతసెట్టు మీంచి పడినాడు గదమే," అంది అవ్వ. "నీకప్పుడు ఆరేండ్లో ఏడేండ్లో. చిన్నోడు ఆ ఏడు సెలవలకి రాల్యా. ఎంత నెత్తురు పాయెనో!"

"పడల్యా." ఆ గొంతు మారింది. "నేనే కొట్టినా. నా నేరేడుపండ్లు తినేసినాడని బెల్లం అచ్చు తీసుకోని ఇసిరేస్తి. నాయన నన్ను కొడతాడని నేను పిప్పి కుప్పలో దాంకుంటి. ఈయన పోయి, సెట్టు మీంచి పడినా అని సెప్పేసినాడు."

మామ లేచి నిలబడ్డాడు. "ఏమబ్బా? నేను సెట్టు కొట్టించేసింటినే! పిలకాయలు ఎక్కి పడతాండారని కాసే సెట్టు కొట్టించేసింటి! నువ్వు పడల్యా?"

"పడినా మామా," అన్నాడు అన్న, ఆకు వైపు చూస్తూ. "నేనే పడినా. ఎవురూ ఏమీ సేయల్యా."

అవే మాటలు. జ్వరంలో ఒళ్లు తెలియకుండా పడి ఉండి, బతిమాలుతూ అన్న మాటలు. ఆ సంగతి తెలిసినవాణ్ణి ఆ పెరట్లో నేనొక్కణ్ణే. ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడా ఆ అమ్మాయికి దెబ్బ పడకుండా అడ్డం పడుకున్నాడని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. కానీ చెబితే, మరి ఆ మొక్కు సంగతేమిటి అని అవ్వ అడుగుతుంది. నోరు మూసుకున్నాను.

"అబద్దాలాడొద్దు బావా," అంది అమ్మణ్ణి. ముందుకు వచ్చి అన్న ఆకులో బెల్లం పెట్టింది. ఎంత పెట్టిందంటే ఆ వేడికి ఆకు కాలి, కింద పేడ అలికిన నేలకు అంటుకుంది. తర్వాత నా ఆకులోనూ పెట్టింది. అదీ బాగానే ఉంది. గలాటా చేయకుండా తినేసి లేచిపోవాలి కదా, తిన్నాను. ఆ క్రాపు పెట్టినప్పటినుంచి ఆయన ఎవరో పరాయివాడు మాదిరి ఉంటే మాట్లాడాలంటేనే బెదురుగా ఉండేదని, తర్వాత మా అమ్మతో చెప్పిందట. అంటే, ఆ జుట్టును అలాగే వదిలేసి ఉంటే నాకు ఏమైనా ఆశ ఉండేదేమో. దాన్ని నా చేత్తోనే తీయించేశాను.

నెమలయ్యవారికి ఫిర్యాదు చేశాను. తోక రాలిన దాన్నే ఎంచుకుంది సార్ అన్నాను, పేర్లు చెప్పకుండా. ఆయన నా అద్దాల్లోంచి నా కళ్లలోకి చాలాసేపు చూశారు. (ఆ అద్దాల సంగతి ఆయనకు ఎప్పుడో తెలుసేమో.) "ఆడది చూసి ఎంచుకుంటుందని చెప్పాను. అది ఏం చూస్తుందో నీకు తెలుసునని ఎవరు చెప్పారయ్యా?" అన్నారు.

అన్న పెళ్లి జరిగింది. మరదలు నాకు వదిన అయింది. ఆమెకు మాత్రం నేను ఇప్పటికీ చిన్నబావనే. దేవుడికి జుట్టిస్తే ప్రాణమూ ఇచ్చాడు, పిల్లనూ ఇచ్చాడని అవ్వ ఊరంతా చెప్పింది. ఇక మా ఇంట్లో పెళ్లీడుకొచ్చిన ప్రతివాణ్ణీ ముందు కొండకు పంపింది. మొదట పంపింది నన్నే. నా భార్య నన్ను తొలిసారి చూసినప్పుడు నాది గుండు, కళ్లజోడు. రెండో పెళ్లి చేసుకోవచ్చిన పంతులనుకుని ఆ రోజంతా ఏడ్చానని ఇప్పటికీ చెబుతుంది. ఆ తర్వాత కజ్జాలు వచ్చినప్పుడల్లా అందరూ నా దగ్గరికే వచ్చేవారు. మొక్కు విన్నవాణ్ణి నేనొక్కణ్ణే కదా! మూడు కత్తెర్లు సరిపోతాయా, పూర్తి గుండు కావాలా? మీసం కూడా మొక్కులోకి వస్తుందా? నేను గొంతు సవరించుకుని తీర్పులు చెప్పేవాణ్ణి. ఏటేటా ఆ మొక్కుకు కొత్త మాటలు చేరాయి. చివరికి మా అన్న మంచం మీద లేచి కూర్చుని, చేతులు జోడించి, ఏడు కొండల పేర్లూ వరసగా చెప్పేంతవరకు వచ్చింది.

పోయిన నెల అన్న కొడుకు నా దగ్గరికి వచ్చాడు. వాడి జుట్టు అచ్చం వాళ్ల నాన్నది. పుత్తూరులో పిల్లను చూడబోతున్నారు.

"చిన్నాయనా, ఒక్కమాట సెప్పు. మా నాయన తన తలకు మొక్కినాడా, పుట్టబోయేవాళ్ల తలలకు గూడా మొక్కినాడా? నువ్వు ఇన్యావు గదా!"

ఇంతమందికి తీర్పులు చెప్పినవాణ్ణి, వాడికి చెప్పలేకపోయాను. వాడు చేత్తో ఆ జుట్టును వెనక్కు తోసుకుంటుంటే, దిండు కింద దువ్వెన పెట్టేసిన మనిషి గుర్తొచ్చాడు. ఆదివారం వస్తానని చెప్పి పంపించాను. చంద్రగిరి వెళ్లాను. అన్న బస్సు ఎప్పుడో మానేసి మామ గానుగే చూసుకుంటున్నాడు. వదిన బియ్యం చెరుగుతోంది. నిలబడే చెప్పేశాను. మొక్కు లేదని, నేను కల్పించానని, ఎందుకు కల్పించానో కూడా. ఆ తర్వాత అన్న జ్వరంలో నిజంగా అన్న మాట చెప్పాను.

వదిన చేట కింద పెట్టింది. నేను మొక్కు గురించి తిడుతుందని ఎదురుచూస్తున్నాను. ఆమె అసలు ఆ మొక్కు విన్నట్టే లేదు. మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, జొరంలో గూడా సెట్టు మీంచే పడితివా?"

"పడినా," అన్నాడు అన్న.

వదిన కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత నన్ను చూసింది. "ఇన్నేండ్లు ఈ మాట కడుపులో పెట్టుకోని ఉండావే చిన్నబావా! ఆ మొక్కు అబద్దం నాకొద్దు, ఈ మాట నాకియ్యాల్సింది గదా! అది నాది గదా!" అంది.

"అయితే మొక్కు ల్యాదు గదమ్మా, నాకు గుండు వద్దు గదా!" అన్నాడు గడప దగ్గర నిలబడి విన్న కొడుకు, సంబరంగా.

"ఎవురన్యారు? మొక్కు ల్యాకపోతే పోనీ. జుట్టు కింద ఏముండాదో ఆ పిల్ల సూసుకోవద్దా?" అంది వదిన. "పో. చిన్నాయన్ని గూడా పిల్సుకోని పో. ఇంతమందికి కొట్టించినాడు, కూసోని సూడనీ."

అలా వాడితో కలిసి కల్యాణకట్టకు వెళ్లాను. నేనూ కూర్చున్నాను. మంగలి తడిచేత్తో నా తల తడిమాడు. చెవుల పక్క నాలుగు వెంట్రుకలు తప్ప అతనికి ఏమీ దొరకలేదు. "ఇప్పుడా సామీ వచ్చేది?" అన్నాడు జాలిగా. మా అన్నకు ఈ వయసులో కూడా, రంగు మారినా, ఆ జుట్టు అలాగే ఉంది.

మా వాడి పని ముగిసింది. తల తడుముకుని, "చిన్నాయనా, నీ అద్దాలిట్టియ్యి, ఎట్టుండానో సూసుకుంటా," అన్నాడు. తీసిచ్చాను. ఇప్పుడు నా కళ్లజోడులో ఉన్నవి నిజం అద్దాలు, అవి లేకపోతే నాకు నా చెయ్యే కనబడదు. తడి రాతి మీద, ఎండలో, చెవులు బయటికొచ్చిన గుండు ఒకటి మసగ్గా నావైపు తిరిగి, ఎట్టుండా అని అడిగింది.

"బాగుండావన్నా," అన్నాను.

"అన్నా ఏంది చిన్నాయనా, నేను," అన్నాడు వాడు నవ్వుతూ. అద్దాలు తుడిచి, నా ముక్కు మీద తనే పెట్టాడు.